ముడి కనపడాలె

సంఘం తీర్మానం పుస్తకంల
ముప్పై ఎనిమిది వేలు అని రాసి సంతకాలు పెట్టిన్రు.
కెమెరా కొనాలె.
కొత్తవాడ జంపఖానాలు
కాయితం మీద పండేటట్టు కొనాలె.
ఫోన్ల తీసినవి ఫోన్లనే బాగున్నయి.
ప్రెస్సుల అచ్చు తీసినంక చూస్తే
మా ఎరుపు ఇటుకపొడి లెక్క,
పోగులు తడిసిన అటుకుల లెక్క
ఒకదానికొకటి అంటుకపోయినయి.

ప్రెస్ సదానందం భూతద్దం నా చేతికిచ్చిండు.
"చూడమ్మా, అచ్చంటే చుక్కలు.
అంగుళానికి మూడు వందలు."
పక్కన నిలబడ్డ ఓదెలు మామ
"మాది అంగుళానికి పన్నెండు పడుగు, నలభై పేక" అన్నడు.
ఇద్దరు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు,
ఒకే మేస్త్రి కాడ
వేరే వేరే ఏండ్లల్ల పని నేర్చినోళ్ళ లెక్క.

కరెంటు బిల్లు ఎనుక లెక్క కట్టినం.
పన్నెండు అంగుళాల ఎడల్పు, పద్దెనిమిది పొడుగు,
నిలువు చుక్కలు అడ్డం చుక్కలతోని గుణిస్తే
రెండు కోట్లకు కొంచెం తక్కువ.
మామ నవ్విండు.
సంఘం ఖాతల ఎన్నడు పడని అంకె
ఒక్క బొమ్మకే గావాల్నా అని.

హన్మకొండ చౌరస్తా, మెట్ల కింద దుకాణం.
ఖలీల్ భాయ్ మూడు కెమెరాలు అద్దం మీద పెట్టిండు.
"ఇది నాలుగున్నర కోట్ల చుక్కలు.
ఇది కొత్త మోడల్, మొన్ననే వచ్చింది.
ఇది... రిపేరుకొచ్చి మిగిలింది, ఇడిసిపెట్టుండ్రి."
మామ సంచి విప్పి
ఆరడుగుల జంపఖానా నేల మీద పరిచిండు,
చెప్పులు ఇడిచి.
మెమరీ కార్డు కోసమొచ్చిన పోరగాండ్లు గూడ
చెప్పులు ఇడిచిన్రు,
ఎవ్వలు చెప్పకుండనే.

మొదటిది ఖరీదుది. కిస్తులల్ల ఇస్తనన్నడు.
తెర మీద చూస్తే
బూడిదరంగు పట్టీ మీద
పచ్చవి, వంగపండు రంగువి అలలు,
వాననీళ్ళ మీద పెట్రోలు తేలినట్టు.
"ఎంత షార్పుంటే అంత అట్లనే వస్తది సాబ్.
దాని గళ్ళు, మీ పోగులు కొట్లాడుకుంటయి.
కంప్యూటర్ల తీసెయ్యొచ్చు."
మామ తెరకు మొఖం ఆనిచ్చి చానసేపు చూసిండు.
"ఈ అల నేను నెయ్యలే."
నలభై ఒక్క ఏండ్లు పంజా కొట్టిన చెయ్యి
తెరను తుడిచింది, రెండుసార్లు.
పోలే.

రెండోది అన్నిటిని నున్నగ చేసింది.
నూలు ప్లాస్టిక్ చాపయ్యింది.
దాని గురించి ఇగ చెప్ప.

మూడోది నేనే అడిగిన.
రబ్బరు ఊడింది, మూల గీక్కపోయింది,
తొంభై వేల సార్లు రెప్ప కొట్టిన కన్ను.
చుక్కలు మాత్రం రెండు కోట్ల నలభై లక్షలు,
మా లెక్కకు మించి.
లెన్సు పాతదే, ఇత్తడి చెంబంత బరువు.
జంపఖానాను కిటికీ ఎలుతురుకు జరిపినం.
ట్యూబులైటు ఆర్పమన్న.
స్టాండు లేదు. స్టూలు మీద స్టూలు ఎక్కి
ఊపిరి బిగబట్టిన.

పెద్దగ చేసిన. ఇంకా పెద్దగ.
ఎరుపు ఎరుపు లెక్కనే ఉన్నది.
కుడి అంచుకు నాలుగు వేళ్ళ లోపట
ఒక పోగు తెగి, ముడి పడి, మళ్ళ నడిచింది.
"ఇది అచ్చుల తీసేస్తం మామా" అన్న.
"తీసేసేటందుకైతే కెమెరా ఎందుకు?
ఆ దినం కరెంటు పోయింది.
సీకట్ల తడుముకుంట ఏసిన.
నాకు తప్ప ఎవ్వలకు కనపడదనుకున్న."
అని, వేలు పెట్టి ఖలీల్ భాయ్ కి చూపెట్టిండు,
తప్పు చూపెట్టినట్టు కాదు,
ఇంటి నంబరు చూపెట్టినట్టు.

ఖలీల్ భాయ్ బేరం ఆడకముందే వెయ్యి తగ్గించిండు.
లేకుంటే ముందుగాలనే వెయ్యి ఎక్కువ చెప్పిండేమో,
తెల్వది.

ఆటో పోచమ్మమైదాన్ దాటినంక
కెమెరా సంచి ఒడిల పెట్టుకున్న మామ
ఉన్నట్టుండి నా దిక్కు తిరిగిండు.
"చార్జరు ఇచ్చిండా?"
ఆటో మళ్ళించినం.